గుర్రం బ్యాండు తొలి మూడు క్యాసెట్లు

పాటలోంచి గిటారును ఎవరో ఎత్తుకుపోయారని లక్ష్మీరాజం వారం రోజులు గట్టిగా నమ్మాడు. నమ్మి ఊరుకునే మనిషి కాదు. ఇంట్లో, వాడకట్టులో, చాయ్ హోటల్ దగ్గర కనబడ్డ ప్రతివాడినీ పట్టుకుని చెప్పాడు. ఆ పాట విననివాళ్లు, ఆ భాష రానివాళ్లు, గిటారును సినిమాలో తప్ప చూడనివాళ్లు కూడా పాపం తలలూపారు. సాంచాలు నడిపే మనిషికి ఇంగ్లిష్ పాటలతో ఏం పనో ఎవరికీ అర్థం కాలేదు. కానీ లక్ష్మీరాజంతో వాదనకు దిగితే పొద్దు గూకుతుందని మాత్రం అందరికీ తెలుసు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. లక్ష్మీరాజం పందొమ్మిదో ఏట, పక్క రాష్ట్రంలో మరమగ్గాల ఊరైన భివండిలో సాంచా పట్టాడు, ఇప్పుడు యాభై రెండు. మధ్యలో పెళ్లయింది, కావ్య పుట్టింది, తల నెరిసింది, సాంచాలు మాత్రం ఆగలేదు. హనుమండ్లు అనే ఆసామి కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఇతని చేతి కింద నడుస్తాయి. ఒకప్పుడు వాటికి వీపు పెట్టి నిలబడి కూడా ఏ సాంచాలో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడని తోటివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఈ మధ్య మాత్రం ఒక్కొక్కదాని దగ్గరికీ నడిచి వెళ్లి, చెయ్యి ఆనించి చూస్తున్నాడు. వయసుతోపాటు జాగ్రత్త పెరిగిందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మొన్న ఎండాకాలంలో సర్కారు చీరల ఆర్డరు ఆగి కార్ఖానాకు తాళం పడింది. పని లేని మనిషి ఇంట్లో ఉంటే ఇంట్లోవాళ్లకు ఊపిరాడదు. భార్య అనసూర్య బీడీలు చుట్టుకునే చాట చుట్టూ తిరిగి, ఆకు కత్తిరించడంలో తప్పులు పట్టి, రెండో రోజుకే ఆమె చేత తిట్లు తిన్నాడు. మూడో రోజున మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటే, ఎక్కణ్నించి వచ్చిందో, భివండి రోజుల పాట ఒకటి తలలోకి వచ్చి కూర్చుంది.

భివండిలో అతనికి తోడు హమీద్. మెట్‌పల్లి మనిషి, రెండేళ్లు పెద్ద, అదే కార్ఖానాలో సాంచాలు బాగుచేసే జాబరు. సాంచాల గది మీదనే వాళ్ల గది. సాంచాలు నడుస్తుంటే నేల కదిలేది, చెంబులో నీళ్లు కదిలేవి. కింద పనిలో ఉన్నప్పుడు ఎంత అరిచినా మాట వినబడదు కాబట్టి అందరూ పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఏ ఊళ్లోనైనా సాంచాల పనివాళ్ల పద్ధతి ఇదే. కొత్తగా చేరినవాడికి ఆరు నెలల్లో ఆ విద్య పట్టుబడుతుంది, ఇక జన్మలో పోదు. ఇంటికొచ్చినా ఎదుటివాడి మొహంలోకి చూస్తూ, గొంతు పెంచి మాట్లాడతారు. బయటివాళ్లకు అది పోట్లాటలా కనబడుతుంది.

శుక్రవారం ఒక్కరోజు సాంచాలు ఆగేవి. ఒక శుక్రవారం హమీద్ పాత సామాను గుట్టలోంచి మూడు క్యాసెట్లు ఏరుకొచ్చాడు, వాటి మీద ఖవ్వాలీలు నింపుకుందామని. చెరిపేసే ముందు ఏముందో విందామని పెట్టారు. విన్నాక చెరపడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఎక్కడో ఇంగ్లండులో, వీళ్లు పుట్టిన రోజుల్లో పాడిన నలుగురు కుర్రాళ్లు. అట్టమీద పేరు వంకర టింకర అక్షరాల్లో ఉండి చదవడం చేతకాలేదు. మొదటిదాని మీద ముందు కాళ్లు లేపిన గుర్రం బొమ్మ ఉంది కాబట్టి గుర్రం బ్యాండు అన్నారు. తర్వాత అదే బ్యాండువి ఇంకో రెండు దొరికాయి కానీ అవి మెత్తగా, పెళ్లి పందిట్లో పెట్టుకునేటట్టు ఉన్నాయి. పేరొచ్చాక చెడిపోయారని ఇద్దరూ తీర్పు చెప్పి, మొదటి మూడింటినే అరగదీశారు. వారమంతా బుర్రలో మోగిన మోతను ఎవరో కూర్చుని సరిచేసి, తాళంలో పెట్టి, శుక్రవారం నాడు చేతికిచ్చినట్టు ఉండేది వాళ్లకు.

వాటిలో రెండో క్యాసెట్, రెండో పక్క, మూడో పాట. అందులో అందరూ ఆగిపోయి గిటారు ఒక్కటే పైకి పోతుంది. సన్నని పోగును లాగుతూ లాగుతూ పోతే ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని ప్రాణం బిగబడుతుందే, అట్లా. తెగే చోట డ్రమ్ము వచ్చి అందుకుంటుంది. ఆ నిమిషం కోసం లక్ష్మీరాజం వారం బతికేవాడు. చెప్పుకోవడానికి సిగ్గుపడినా, పెళ్లికి ఊరికి వచ్చేటప్పుడు అతను ఎక్కువ బాధపడింది ఆ క్యాసెట్లు హమీద్ దగ్గర వదిలి రావడానికే.

ఇదంతా విని కావ్య నవ్వింది. కరీంనగర్‌లో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. తండ్రి కాగితం మీద గీసి చూపిన గుర్రాన్ని చూసి మొదట కుక్క అనుకుంది. అయినా రెండు రోజులు ఫోనులో వెతికి పట్టుకుంది. మూడూ ఉన్నాయి, గుర్రంతో సహా.

ముప్పై ఏళ్ల తర్వాత లక్ష్మీరాజం చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి క్యాసెట్టు మొదటి పాట మొదలు కాగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు తెలియనివి ఇప్పుడు తెలిశాయి. ఆ రోజుల్లో డ్రమ్ము కొట్టేవాణ్ని రాక్షసుడనుకునేవాడు. ఇప్పుడు వింటే, వాడు భయపడుతున్నాడు. అందరికంటే ఒక వెంట్రుకవాసి ముందు పరుగెడుతున్నాడు, కొత్తగా సాంచా మీద నిలబడ్డ పిల్లగాడు కంగారుపడ్డట్టు. పాడేవాడి గొంతు చివర్లో వణుకుతోంది. అప్పట్లో వాళ్లు తనకంటే పెద్దవాళ్లు, దొరలు. ఇప్పుడు కావ్యకంటే ఒకటి రెండేళ్లు పెద్ద పిల్లలు. "గీ పోరగాళ్లు తిన్నరో లేదో" అని పైకే అన్నాడు. అనసూర్య వినీ విననట్టు బీడీ చుట్టింది.

మర్నాడు రెండో క్యాసెట్ పెట్టాడు. ఆ పాట వచ్చింది. అందరూ ఆగారు. కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. ఏమీ రాలేదు. ఖాళీ. ఆ ఖాళీ తర్వాత డ్రమ్ము వచ్చింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు, మళ్లీ ఖాళీ.

"బిడ్డా, గిటారు తీసేసిండ్రు. జర చూడు" అని కావ్యకు ఇచ్చాడు.

కావ్య తీగలు చెవుల్లో పెట్టుకుంది. పాట అయ్యేదాకా విన్నది. తర్వాత తండ్రి మొహం చూసి, "పాత పాటను మల్ల కొత్తగ చేసినప్పుడు తీసేసినట్టున్నరు బాపూ" అంది.

ఇక లక్ష్మీరాజం ఆగుతాడా? ఊరంతా చెప్పడం అప్పుడు మొదలైందే. వారం చూసి, అసలు క్యాసెట్టుతో ఈ దొంగతనం రుజువు చేస్తానని మెట్‌పల్లికి బయల్దేరాడు. వేములవాడలో బస్సు మారి, కోరుట్ల మీదుగా పోతూ, పక్క సీటులో కూర్చున్న మంథని ఆయనకు కూడా కథంతా చెప్పాడు.

హమీద్ సాంచాల పని వదిలి పాతికేళ్లు దాటింది. మెట్‌పల్లి బజారులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇద్దరూ కావలించుకున్నారు, ఒకరి పొట్ట చూసి ఒకరు నవ్వుకున్నారు. హమీద్ భార్య లతీఫున్నీసా చాయ్ ఇచ్చి, "అన్నా, గా క్యాసెట్లు పారేద్దామంటే ఈయన నన్నే బయటికి ఎల్లగొట్టేటట్టున్నడు" అని ఫిర్యాదు చేసింది. క్యాసెట్లు బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. టేప్‌రికార్డరుకు పాత బెల్టు పోతే హమీద్ ఏదో రబ్బరు కోసి వేశాడు. కొంచెం సాగినట్టు వచ్చినా పాట వచ్చింది.

"ఇగో, ఇప్పుడు చూడు హమీద్ భాయ్" అన్నాడు లక్ష్మీరాజం, సాక్షిని కోర్టుకు తెచ్చినంత ధీమాగా.

మూడో పాటలో అందరూ ఆగారు. లక్ష్మీరాజం వింటున్నాడు. ఖాళీ. ఎదురుగా హమీద్ కళ్లు మూసుకున్నాడు, అతని ఎడమచేతి వేళ్లు మోకాలి మీద లేచి, ఒకదాని తర్వాత ఒకటి, పైపైకి పాకుతున్నాయి. ఆ వేళ్లు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి, ఎక్కడ దూకాలో అక్కడ దూకాయి. లతీఫున్నీసా కూడా గుమ్మంలో నిలబడి చిన్నగా తల ఊపుతోంది. డ్రమ్ము అందుకోగానే హమీద్ కళ్లు తెరిచి, "వహ్వా! గట్లనే ఉన్నది యార్" అన్నాడు.

"ఏడున్నది? రాలేదు కదా" అన్నాడు లక్ష్మీరాజం.

హమీద్ నవ్వబోయి ఆగిపోయాడు. సాంచాల దగ్గర పనిచేసిన మనిషి. అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్యాసెట్టు అట్ట తీసుకుని, మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అట్ట వెనక అతని దవడ కదలడం లక్ష్మీరాజానికి కనబడింది. మాటలు తెలియలేదు. ఏదో గొణుగుడు, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు. హమీద్ అట్ట దించాడు.

"ఏమన్నవ్?" అన్నాడు లక్ష్మీరాజం.

"నీ బిడ్డ పేరేందని అడిగిన" అన్నాడు హమీద్.

అప్పుడు అర్థమైంది. దొంగతనం జరిగిన మాట నిజమే, జరిగింది పాటలో కాదు. తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిలో ఎప్పుడూ ఉండే సన్నని ఈల, లోకంలో అందరికీ ఉంటుందనుకున్న ఈల, సిరిసిల్లదాకా మోగుతూనే ఉంది.

కావ్య కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు పెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి. లక్ష్మీరాజం బాగా నొక్కాడు. ఎంత బాగా నొక్కాడంటే ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది. ఆమె భుజం కదిలినప్పుడల్లా ఇతను నొక్కుతున్నాడు. మోసం చేయాలని కాదు, ముప్పై మూడేళ్లుగా అతను లోకాన్ని వింటున్నది ఆ విధంగానే. కార్ఖానాకు ఒకసారి ఆరోగ్య శిబిరంవాళ్లు వచ్చినప్పుడూ ఎదురుగా నిలబడి అడిగినవన్నీ చెప్పి పాసైపోయాడు. ఈ అమ్మాయి లోపలికి వచ్చి కుర్చీని గోడవైపు తిప్పింది. ఆ తర్వాత అతని వేలు చాలాసేపు కదలలేదు.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. గీత ఎడమవైపు బాగానే నడిచి, మధ్యలోంచి కిందికి పడిపోయింది. సన్నని చప్పుళ్లన్నీ పోయాయి, అవి తిరిగి రావు. మిషను పెట్టుకుంటే మనుషుల మాట కొంత పట్టుకోవచ్చు, ఆ గిటారును మాత్రం అది తేలేదు. లావు చప్పుళ్లు ఇంకా మిగిలాయి. సాంచాల పని మానేస్తే అవి నిలుస్తాయి, మానకపోతే అవీ పోతాయి.

"మానుడు ఎట్లయితది సార్?" అన్నాడు లక్ష్మీరాజం. డాక్టరు చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు రాసిచ్చాడు. పనిలో ఉన్నంతసేపూ తీయొద్దన్నాడు.

ఇంటికొచ్చాక అతను అడిగిన మొదటి ప్రశ్న, "మీకు ఎరుకనా?"

కావ్య తల దించుకుంది. అనసూర్య చాట పక్కకు పెట్టి, ఎదురుగా వచ్చి కూర్చుని, "నాలుగేండ్ల సంది ఎరుకే" అంది. "వెనుకకెల్లి పిలిస్తే పలుకుతలేవు. పోరి చెప్తనన్నది, నేనే వద్దన్న. హనుమండ్లు చెవుల పడితే సాంచాల మీదికెల్లి తీసేస్తడని భయపడ్డ. ఇంట్ల ఉండి ఏం జేస్తవ్ నువ్వు?"

లక్ష్మీరాజం తిట్టాడు. ఇల్లు ఎగిరిపోయేటట్టు తిట్టాడు. నాలుగేళ్లు నన్ను పిచ్చోణ్ని చేసిండ్రని, అప్పుడే చెప్పి ఉంటే ఆ గిటారు ఇంకా మిగిలి ఉండేదని అన్నాడు. ఆ మాటకు అనసూర్య ఏడ్చింది. ఆమె ఏడుపు కూడా తనకు సగమే వినబడుతోందని తట్టి అతను తిట్టడం ఆపేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఒక తీగ ఆమె చెవిలో పెట్టి, ఒకటి తన చెవిలో పెట్టుకున్నాడు. "గిటారు వచ్చినప్పుడు చెప్పు" అన్నాడు.

"అదేందో నాకు తెల్వదు కదయ్యా."

పాటలో అందరూ ఆగగానే, తనకు ఖాళీ మొదలైన చోటునుంచి, నోటితో తీయడం మొదలుపెట్టాడు. పాట రాని గొంతు, బీడీ పొగకు బొంగురుపోయిన గొంతు. ఆగే చోట ఆగి, దూకే చోట దూకి, పైపైకి పోయి, ఊపిరి చాలక దగ్గాడు. అదే క్షణాన డ్రమ్ము పడింది. అనసూర్య ఆకు కత్తెర పట్టుకుని అతని వంకే చూస్తోంది.

"నువ్వన్నదే వచ్చింది" అంది. "ఎక్కడ గుడ తప్పలేదు. ముందుగాల నువ్వు అంటున్నవ్, వెనుక అది వస్తున్నది."

ఆమె అబద్ధం చెప్పడం లేదని మొహం చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

పదిరోజులకు ఆర్డరు వచ్చింది, కార్ఖానా తెరిచారు. లక్ష్మీరాజం చెవుల్లో బిరడాలు పెట్టుకుని లోపలికి పోయాడు. నలభై సాంచాల మోత ఎక్కడో దూరంగా, బొంత కప్పుకున్నట్టు ఉంది. మొదటి రోజు బాగానే గడిచింది. పక్క వరసలో పనిచేసే సాంబయ్య చెవులవైపు చూపించి ఏందని సైగ చేస్తే, డాక్టరిచ్చిండని పెదాలతో చెప్పాడు. సాంబయ్య నవ్వి, చెవిని సాంచావైపు పెట్టి చూపించాడు. ఇది వినకుండా ఎట్లా నడుపుతావని.

రెండో రోజు పదకొండింటికి అయిదో సాంచాలో నాడె గతి తప్పింది. నాడె అటూ ఇటూ పరుగెత్తి పేకపోగు వేస్తుంది. అది సరిగా చేరడం లేదంటే ముందు చప్పుడు మారుతుంది. ఆ లావు చప్పుడు లక్ష్మీరాజానికి ఇప్పటికీ తెలుస్తుంది, బిరడాలు లేకపోతే. ఉన్నాయి కాబట్టి తెలియలేదు. అతను మూడోదాని దగ్గర నూలు కండె మారుస్తున్నాడు. సాంబయ్య పరుగెత్తుకొచ్చి భుజం పట్టి లాగేసరికి నాడె మధ్యలో ఇరుక్కుని, వందల పోగులు తెగి వేలాడుతున్నాయి. అవి ముడేసుకునేసరికి రోజు గడిచిపోతుంది.

హనుమండ్లు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, లక్ష్మీరాజం కంటే పదేళ్లు చిన్న, అన్నా అనే పిలుస్తాడు. తెగిన పోగులు చూశాడు, లక్ష్మీరాజం చెవులు చూశాడు. మెయిన్ స్విచ్ ఆపించలేదు. ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి, ఒక్కొక్క మాటా తెలిసేటట్టు అన్నాడు.

"రాజమన్నా, చెవులు మూసుకుంటే సాంచా ఎట్ల నడుస్తది? నెలలోపల చీరలు అప్పజెప్పాలె. అవి తీసి పని చేస్తవా, లేకపోతె వేరేటోణ్ని చూసుకోమంటవా? నువ్వే చెప్పు."

లక్ష్మీరాజానికి ఎదురు తిరగాలనిపించింది. నా చెవులు నీ చీరల్లోనే పోయినయని అనాలనిపించింది. కానీ యాభై రెండేళ్ల వయసులో సాంచా తప్ప చేతకానివాడు ఏ పనికి పోతాడు? కావ్య చదువు ఇంకా పూర్తి కాలేదు. నిలబడ్డచోటే బిరడాలు రెండూ తీసి, జేబులో వేసుకున్నాడు. మోత మీద పడింది. హనుమండ్లు అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. లక్ష్మీరాజం తెగిన పోగుల ముందు కూర్చుని ముడులు వేయడం మొదలుపెట్టాడు.

ఆదివారం కావ్య కరీంనగర్ నుంచి వచ్చింది. బాపు మొహం చూసి, ఫోను తీసి, ఎదురుగా కూర్చుంది.

"పాటలు పెట్టాల్నా బాపూ?"

"వద్దు బిడ్డా. అవి అండ్లకెల్లి తీసెయ్."

"ఎందుకు? డ్రమ్ము ఇనబడుతనే ఉన్నది కదా ఇంకా."

"అందుకే. ఇప్పుడైతే నా తలకాయల మూడు క్యాసెట్లు నిండుగ ఉన్నయ్. మీ అమ్మ గుడ విన్నది, అడుగు. రోజూ పెట్టుకుని వింటే, ఇయ్యాల గిది పాయె, రేపు గది పాయె అని చూసుకుంట కూసోవాలె. గది నాతోని కాదు."

కావ్య మొదటిది తీసేసింది. రెండోది తీసేసింది. మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"తీయి" అన్నాడు లక్ష్మీరాజం. అది కూడా పోయేదాకా ఇద్దరూ ఆ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు.